బిడ్డ దూపకు ఒక రాస్తా: ఢాకా నుంచి బ్లాంటైర్ దాకా



మన బుజుర్గులు ‘హైజా’ అనే మాటను గొంతు తగ్గించి పలికేవాళ్ళు. కలరా అన్నా, గత్తర అన్నా ఆ బీమారీయే. ఫజర్‌కు వాంతులు, విరేచనాలు మొదలైతే మగ్రిబ్ లోపల జనాజా లేచిన రోజులు వాళ్ళు చూశారు. హైజా ఒక్కటే కాదు, ఏ రకం విరేచనాలైనా పసిబిడ్డ ఒంట్లోని నీళ్ళను, ఉప్పును తోడేస్తాయి. మౌత్ ఎక్కువగా వచ్చేది ఆ తోడివేతతోనే. మా దాదీ కాలంలో మాత్రం ‘దస్త్ ఆగాలంటే నీళ్ళు బంద్ పెట్టు’ అనేవాళ్ళు. బిడ్డ దూపతో నాలుక చప్పరిస్తుంటే, ప్రేమతోనే, గ్లాసు దూరంగా పెట్టేవాళ్ళు.

అక్కడి నుంచి ఈనాటి దాకా వచ్చిన తారీఖ్‌ను చెప్పాలని ఉంది. పిల్లల దవాఖానాల్లో, ముఖ్యంగా ఎమర్జెన్సీ వార్డుల్లో ఇప్పుడు ‘క్లినికల్ పాత్‌వే’ అనే మాట వినిపిస్తోంది. అందులో వింతేమీ లేదు. ప్రాణం మీదికొచ్చిన బిడ్డను తెస్తే మొదట ఏ నిషానీలు చూడాలి, ఏది కనబడితే ఏం చేయాలి, ఎంతసేపట్లో చేయాలి, మళ్ళీ ఎప్పుడు చూడాలి అన్నది తెలిసినవాళ్ళంతా ముందే మష్వరా చేసుకుని కాగితం మీద రాసిపెట్టడమే పాత్‌వే. మనం దాన్ని రాస్తా అందాం. కార్ఖానా పనులను వరస ప్రకారం ముగించడానికి 1957లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ఒక లెక్క తయారు చేసుకుంది. 1985 ప్రాంతంలో బోస్టన్‌లో కారెన్ జాండర్ అనే నర్సు, ఆమె సాథీలు ఆ తరీకాను దవాఖానాలోకి తెచ్చారు. పాత్‌వే అనే పేరు అలా వచ్చింది. పిల్లల ప్రాణాల విషయంలో మాత్రం ఈ రాస్తా అంతకుముందే, మనకు చాలా దగ్గరలో, గరీబుల మధ్య పడింది.

ఢాకాలో కొలత

హైజా మరీజ్ రక్తనాళంలోకి ఉప్పునీళ్ళు ఎక్కించిన మొదటి డాక్టర్ స్కాట్‌లాండ్‌కు చెందిన థామస్ లాట్టా. అది 1832. ఇలాజ్ సరైనదే. కానీ దానికి సూది కావాలి, శుభ్రమైన సీసా కావాలి, నేర్చిన చెయ్యి కావాలి. హైజా వచ్చే చోట ఈ మూడూ ఉండవు. ఉన్నా వంద మంది ఒకేసారి వస్తే సరిపోవు.

నోటితో తాగిస్తే పోదా అనే సవాల్ అప్పుడూ ఉంది. ఉత్త ఉప్పునీళ్ళు తాగిస్తే జబ్బుపడ్డ పేగు వాటిని పీల్చుకోదు, బయటికి తోసేస్తుంది. 1960లో రాబర్ట్ క్రేన్ అనే సైంటిస్టు పేగులోని ఒక రాజ్‌ను బయటపెట్టాడు. గ్లూకోజ్ లోపలికి పోయేటప్పుడు ఉప్పులోని సోడియంను వెంట తీసుకుపోతుంది. ఆ రెండింటి వెనక నీళ్ళు పోతాయి. హైజాలో కూడా ఈ దర్వాజా మూసుకుపోదు.

ఆ ఇల్మ్ ఇలాజ్‌గా మారిన చోటు ఢాకా. అప్పటికది తూర్పు పాకిస్తాన్. అక్కడి కలరా రీసెర్చ్ లాబొరేటరీలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు అమెరికన్ జవాన్ డాక్టర్లు, రఫీకుల్ ఇస్లాం, మాజిద్ మొల్లా వంటి బెంగాలీ డాక్టర్లతో కలిసి 29 మంది మరీజుల మీద తహ్కీక్ చేశారు. అది 1968లో అచ్చయింది. వాళ్ళ తరీకాలో అసలు బలం కొలతలో ఉంది. హైజా మంచానికి మధ్యలో రంధ్రం, దాని కింద బకెట్ ఉంటాయి. ఎంత బయటికి పోయిందో బకెట్ చెబుతుంది, అంత నోటితో తాగించాలి. ఈ ఒక్క ఉసూల్‌తో నరానికి ఎక్కించాల్సిన సెలైన్ అవసరం 80 శాతం తగ్గింది.

బన్‌గావ్‌లో డ్రమ్ములు

మూడేళ్ళకు ఇంతిహాన్ వచ్చింది. 1971 బంగ్లాదేశ్ జంగ్‌లో లక్షల మంది సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్ చుట్టుపక్కల శిబిరాల్లోనే దాదాపు మూడున్నర లక్షల మంది. వానాకాలం, బురద, హైజా. అక్కడి చిన్న సర్కారీ దవాఖానాలో హైజా మరీజులకు 16 మంచాలే ఉన్నాయి. కలకత్తా నుంచి వచ్చిన డాక్టర్ దిలీప్ మహలనబిస్‌కు వరండాల్లో, నేల మీద పడి ఉన్న మనుషులు కనిపించారు. సెలైన్ సీసాలు అయిపోవస్తున్నాయి.

ఆయన ఫైసలా చేసుకున్నాడు. లీటరు నీళ్ళకు 22 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల సోడా బైకార్బొనేట్. కలకత్తాలో తూకం వేసి ప్లాస్టిక్ సంచుల్లో పోసి, వేడి ఇస్త్రీపెట్టెతో అంచులు అంటించి పంపించారు. శిబిరంలో పెద్ద డ్రమ్ముల్లో కలిపి, కుళాయి తిప్పి మగ్గులతో ఇచ్చారు. తాగించింది ఎవరనుకున్నారు? అమ్మీలు, అక్కలు, మామూలు రిష్తేదార్లు. సూది అవసరమైనవాళ్ళకే సూది, మిగతా అందరికీ మగ్గు.

ఆ నీళ్ళతో 3 వేలకు పైగా మరీజులకు ఇలాజ్ జరిగింది. అంతకుముందు శిబిరాల్లో వందకు 30 మంది దాకా పోతుంటే, ఇక్కడ ఆ సంఖ్య 4 కన్నా తక్కువకు దిగింది. మహలనబిస్ 2022లో కన్నుమూశాక, 2023లో మన హుకూమత్ ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది.

బన్‌గావ్ నుంచి నాకు అర్థమైంది ఒకటే. అక్కడ కొత్త దవా ఏదీ పుట్టలేదు. ఉప్పు, గ్లూకోజ్, సోడా అందరి దగ్గరా ఉన్నవే. అక్కడ పుట్టింది తర్తీబ్. ఎవరికి మగ్గు, ఎవరికి సూది, ఎంత, ఎవరు తాగించాలి అన్నది తేలిపోవడంతో పెద్ద డాక్టర్ చెయ్యి చేయాల్సిన పని ఒక అమ్మీ చెయ్యి చేయగలిగింది.

చిటికెడు, గుప్పెడు

బంగ్లాదేశ్ ఏర్పడ్డాక ఫజ్లే హసన్ ఆబేద్ స్థాపించిన బ్రాక్ సంస్థ ఈ ఇల్మ్‌ను ఇళ్ళలోకి తీసుకెళ్ళింది. మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, ఒక గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్ళు. 1980 నుంచి పదేళ్ళలో ఆ సంస్థ పంపిన ఔరతులు ఇంటింటికీ వెళ్ళి, అమ్మీలతోనే కలిపించి నేర్పారు. 1 కోటి 20 లక్షలకు పైగా ఇళ్ళు తిరిగారు.

అందులో నాకు బాగా నచ్చిన ఉసూల్ జీతానిది. ఎన్ని ఇళ్ళు తిరిగారని లెక్కపెట్టి తన్ఖా ఇవ్వలేదు. కొన్నాళ్ళకు ఇంకొకరు వెళ్ళి, ఆ అమ్మీకి ఎంత యాదుంది, సరిగ్గా కలుపుతోందా అని చూసేవాళ్ళు. దాన్నిబట్టే తన్ఖా. చెప్పామా లేదా అన్నది కాదు, అవతలి మనిషికి అందిందా అన్నది లెక్క. మన మద్రసాల్లో, స్కూళ్ళలో కూడా పనికొచ్చే తరీకా ఇది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ తజుర్బానంతా కలిపి మూడు రాస్తాలుగా రాసింది. వాటికి ప్లాన్ ఏ, బీ, సీ అని సాదా పేర్లు పెట్టింది. చూడాల్సిన నిషానీలు నాలుగు: బిడ్డ చురుగ్గా ఉందా, కళ్ళు లోపలికి పోయాయా, దూపగా తాగుతోందా లేక తాగలేకపోతోందా, పొట్ట మీద చర్మం చిటికెతో లాగి వదిలితే ఎంతసేపటికి సర్దుకుంటోంది. నిషానీలు లేకపోతే ప్లాన్ ఏ, ఇంట్లోనే ఇలాజ్. కొన్ని ఉంటే ప్లాన్ బీ: బరువు కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున ఓఆర్ఎస్, 4 గంటల్లో, దవాఖానాలో కళ్ళెదుట. బిడ్డ వాడిపోయి, తాగలేక, చర్మం 2 సెకన్లు దాటినా సర్దుకోకపోతే ప్లాన్ సీ: వెంటనే నరానికి సెలైన్, కిలోకు 100 మిల్లీలీటర్లు. ఏడాది లోపు బిడ్డకు అందులో 30 మొదటి గంటలో, మిగతా 70 తర్వాతి 5 గంటల్లో. ఏడాది దాటితే అర గంటలో 30, రెండున్నర గంటల్లో 70.

ఆ పట్టీని గోడకు అంటిస్తే నిన్న చేరిన నర్సు కూడా రాత్రి 2 గంటలకు దాని ప్రకారం నడవగలదు. పెద్ద డాక్టర్ ఊళ్ళో ఉన్నాడా లేడా అన్నదాని మీద బిడ్డ జిందగీ ఆధారపడదు.

దవాఖానా గేటు దగ్గర

ఇంటి నుంచి ఇక దవాఖానాకు వద్దాం. హైదరాబాదులో మన కుటుంబాలన్నింటికీ తెలిసిన పేరు నీలోఫర్. ఉస్మానియా సుల్తానుల ఖాందాన్ నుంచి ఏడో నిజాం చిన్న కొడుకు మోఅజ్జం జాహ్‌కు బేగంగా వచ్చిన షహ్‌జాదీ ఆమె. తన దగ్గర పనిచేసే రఫతున్నిసా కాన్పులో చనిపోవడంతో, తల్లులకు, బిడ్డలకు ఒక దవాఖానా ఉండాలని పట్టుబట్టింది. రెడ్‌హిల్స్‌లో 1953లో తెరుచుకున్న నీలోఫర్ దవాఖానా ఆమె పట్టుదల ఫలం. ఒక నౌకరాణి మౌత్‌ను నసీబ్ అని వదిలేయకుండా, ఇంకొకరికి అలా జరగొద్దని ఇటుక మీద ఇటుక పెట్టించిన ఆ దిల్‌కు సలాం.

ఇమారత్ ఉండటం మొదటి మెట్టు. గేటు దాటిన తర్వాతి కొన్ని నిమిషాలు రెండో మెట్టు. తెలుగు నేల మీద ఎన్నో చిన్నాపెద్దా దవాఖానాల్లో నేను చూసిన కతార్ ఒకేలా ఉంటుంది. చీటీ నంబరు ప్రకారం అమ్మీలు కూర్చుని ఉంటారు. గట్టిగా ఏడ్చే బచ్చాను ‘పాపం, ముందు చూడండి’ అని లోపలికి పంపుతారు. మెడ వాల్చేసి, చప్పుడు చేయని బచ్చా నిద్రపోతున్నాడనుకుంటారు. సిఫారిష్ ఉన్నవాళ్ళు పక్క తలుపు నుంచి పోతారు. బుర్ఖా కొంగులో బిడ్డను చుట్టుకుని, తెలుగులో అడగాలో ఉర్దూలో అడగాలో తెలియక సంకోచించే తల్లి చివర్లో మిగిలిపోతుంది. నిజానికి ఏడవడానికి ఒంట్లో తాకత్ లేని బిడ్డకే ఎక్కువ ఖత్రా.

ఆ కతార్‌ను మార్చిన కథ ఆఫ్రికాలోని మలావీ దేశానిది. బ్లాంటైర్ నగరంలోని క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ హాస్పిటల్ గరీబుల దవాఖానా. రోజూ వందల బచ్చాలు వస్తారు, డాక్టర్లు కొద్దిమంది. చేరిన పిల్లల్లో చాలామంది మొదటి 24 గంటల్లోనే పోతున్నారని అక్కడి పిల్లల డాక్టర్ ఎలిజబెత్ మాలినక్స్, ఆమె సాథీలు గుర్తించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘ఈటాట్’ అనే రాస్తాను అక్కడి తజుర్బాతోనే తీర్చిదిద్దింది. వచ్చిన ప్రతి బిడ్డను వరసలో నిలబెట్టే ముందే ఒక్క చూపు చూడాలి. ఊపిరి ఆడుతోందా? చేతులు చల్లబడి, నాడి సన్నగా వేగంగా కొట్టుకుంటోందా? గోరు నొక్కి వదిలితే 3 సెకన్లలో రంగు తిరిగి వస్తోందా? స్పృహ ఉందా, ఫిట్స్ ఉన్నాయా? విరేచనాలతో ఒళ్ళు ఎండిపోయిందా? వీటిలో ఏది ఉన్నా ఆ బిడ్డకు అక్కడికక్కడే ఇలాజ్. నెలల పసికందులు, విపరీతమైన జ్వరం, బాగా చిక్కిపోయినవాళ్ళు రెండో దర్జా, వీళ్ళను త్వరగా చూడాలి. మిగతావాళ్ళు కతార్‌లో ఉండొచ్చు.

ఈ చూపు డాక్టరే చూడాలని లేదు. గేటు దగ్గరి చౌకీదార్‌కు, చీటీ రాసే గుమాస్తాకు, ఊడ్చేవాళ్ళకు కూడా ఖత్రా నిషానీలు నేర్పాలని ఆ శిక్షణ పుస్తకమే చెబుతుంది. బిడ్డను ముందుగా చూసేది వాళ్ళే కదా.

2001 ప్రాంతంలో బ్లాంటైర్‌లో గేటు నుంచి వార్డు దాకా పని వరసను ఇలా మార్చారు. అంతకుముందు చేరిన పిల్లల్లో వందకు 10 నుంచి 18 మంది చనిపోయేవాళ్ళు. ఆ తర్వాత అది 6 నుంచి 8కి తగ్గింది. 2006లో ఈ లెక్కలు అచ్చయ్యాయి. మన దేశంలోనూ దవాఖానా నర్సులకు, డాక్టర్లకు సర్కార్ ఇచ్చే పిల్లల వైద్య శిక్షణలో ఈ రాస్తా ఉంది. శిక్షణ పొందిన మనిషి గేటు దగ్గర ఉన్నాడా అన్నది మాత్రం మనం అడగాల్సిన సవాల్.

రాస్తాను కూడా జాంచ్ చేయాలి

కాగితం మీద రాసిందంతా పత్థర్ కీ లకీర్ అనుకుంటే అది కూడా ఖత్రాయే. జ్వరంతో వచ్చి, రక్తప్రసరణ మందగించిన పిల్లలకు నరానికి వేగంగా సెలైన్ ఎక్కించడం చాలా ఏళ్ళు సరైన రాస్తాగా చెలామణీ అయింది. ఆఫ్రికా పిల్లల్లో అది ఎంత మేలు చేస్తోందని కాథరిన్ మెయిట్‌లాండ్, ఆమె సాథీలు ఉగాండా, కెన్యా, తంజానియాల్లో 3,141 మంది మీద తహ్కీక్ చేశారు. దాని పేరు ఫీస్ట్. 2011లో వచ్చిన నతీజా అందరినీ హైరాన్ చేసింది. వేగంగా ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో వందకు పదిన్నర మంది చనిపోతే, అలా ఎక్కించని పిల్లల్లో 7.3 మందే చనిపోయారు. విరేచనాలతో ఒళ్ళు ఎండిన పిల్లలను ఆ తహ్కీక్‌లో చేర్చలేదు కాబట్టి ప్లాన్ సీ అలాగే నిలిచింది. జ్వరం పిల్లల రాస్తాను మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో తిరగరాసింది.

ఇది చదివినప్పుడు నాకు అర్-రాజీ గుర్తొచ్చాడు. వెయ్యేళ్ళ కిందట రయ్యిలో, బగ్దాదులో బీమారిస్తాన్‌లు నడిపిన హకీం. మెదడు పొరల వాపును అప్పటి హకీంలు సర్సామ్ అనేవాళ్ళు. అందులో రక్తం తీయడం మంచిదా కాదా తేల్చుకోవడానికి కొందరికి తీసి, ఇంకొందరికి కావాలనే తీయకుండా వదిలి చూశానని ఆయన ‘అల్-హావీ’లో ఉంది. రక్తం తీయడమే మంచిదని ఆయన అనుకున్నాడు. ఆ నతీజా ఈనాడు నిలవదు. కానీ ఉస్తాద్ చెప్పాడు కాబట్టి చాలు అనుకోకుండా, చేసినవాళ్ళను చేయనివాళ్ళతో పోల్చి చూడాలన్న ఆ తరీకా నిలిచింది. మనవాళ్ళు అన్నీ ముందే కనిపెట్టేశారని ఫఖ్ర్ చేసుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఆయనలా అడిగే ఆదత్ మనలో మిగిలిందా అని చూసుకోవడమే ఇష్టం.

రాజీదే ఇంకో కితాబ్ ఉంది, హకీం అందుబాటులో లేనివాళ్ళ కోసం రాసింది. ప్లాన్ ఏ కూడా అలాంటిదే. రాస్తాలో మొదటి అడుగు దవాఖానాది కాదు, మన బావర్చీఖానాది.

మన ఇంటి వంతు

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో విరేచనాలైన పిల్లల్లో ఓఆర్ఎస్ అందింది వందకు 61 మందికే. మిగతా ఇళ్ళలో ఓఆర్ఎస్ బదులు ఏం ఇస్తున్నారో తెలుసు కదా: యాంటీబయాటిక్ సిరప్, కూల్‌డ్రింక్, లేదా మెడికల్ షాపులో ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని అమ్మిన చక్కెర డబ్బాలు. ఆ డబ్బాల మీద హైదరాబాదు పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి లడాయి చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్ళలో లేని డ్రింకుల మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడొద్దని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ హుకుం ఇచ్చింది. చక్కెర ఎక్కువైతే పేగులోకి నీళ్ళు ఇంకా లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. ఢాకాలో కొలత మీద అంత పట్టుబట్టింది అందుకే.

కాబట్టి బహనో, భాయియో, ఒక కాగితం మీద రాసి వంటింటి తలుపుకు అంటించుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్ళ ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు ఇంట్లో ఉండాలి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళని ఉంటే అన్నే, కాచి చల్లార్చిన నీళ్ళు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. పల్చగా వెళ్ళిన ప్రతిసారీ రెండేళ్ళ లోపు బిడ్డకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పెద్ద పిల్లలకు 100 నుంచి 200. కక్కితే 10 నిమిషాలు ఆగి, చెంచాతో మెల్లగా మళ్ళీ. తల్లిపాలు, తిండి ఆపొద్దు. డాక్టర్‌ను అడిగి జింక్ 14 రోజులు. బిడ్డ తాగలేకపోతున్నా, వాడిపోయినా, కళ్ళు గుంటలు పడినా, మలంలో రక్తం ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఇంకేమీ ఆలోచించకుండా దవాఖానాకు పరుగెత్తాలి. అక్కడ కతార్ ఎంత పొడుగున్నా, ‘నా బిడ్డ తాగట్లేదు, లేవట్లేదు, ముందు ఒక్కసారి చూడండి’ అని గట్టిగా చెప్పండి. అది సిఫారిష్ కాదు, బిడ్డ హక్కు.

హజ్‌కు, ఉమ్రాకు వెళ్ళినవాళ్ళు సఫా, మర్వాల మధ్య ఏడుసార్లు నడుస్తారు. బీబీ హాజిరా దూపతో అల్లాడే పసిబిడ్డ ఇస్మాయీల్ కోసం పరుగెత్తిన దారి అది. తవక్కుల్ ఆమెకు లేక పరుగెత్తలేదు. తవక్కుల్ ఉంది కాబట్టే కూర్చోలేదు. ఈ వానాకాలం మీ మొహల్లాలో ఏ ఇంట్లో పసిబిడ్డ ఉందో యాది చేసుకుని, ఓ ప్యాకెట్, ఈ నాలుగు నిషానీలు ఆ తల్లికి చెప్పిరండి. మళ్ళీ వారం తర్వాత వెళ్ళి, యాదుందా అని అడగండి.

అల్లాహ్ మన బచ్చాలను హిఫాజత్‌లో ఉంచుగాక. ఆమీన్.